కూచిపూడి సర్టిఫికెట్ పరీక్షకు ఎలా సిద్ధమవ్వాలి

ఏటా జూన్‌లో బడులు తెరిచిన వారం పది రోజుల్లో మా మేడ మెట్లెక్కి వచ్చే తల్లిదండ్రులు ముందుగా అడిగే మాట, "మేడమ్, సర్టిఫికెట్ ఎన్నేళ్లలో వస్తుంది?" అని. పిల్లను డాన్సులో చేర్చాక ఒక మెట్టు, ఒక గడువు, ఒక కాగితం కనబడితే ఇంట్లో అందరికీ ధైర్యంగా ఉంటుంది. అందుకే ఆ ప్రశ్నకు నేను విసుక్కోను. సర్టిఫికెట్ నాలుగేళ్లు, ఆపైన డిప్లొమా రెండేళ్లు అని సూటిగా చెబుతాను. మన విజయవాడలో ఘంటసాల వేంకటేశ్వరరావు గారి పేరు మీద ఉన్న ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాలలో నడిచే క్రమం ఇదే. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన కాలేజీ అది. అక్కడ చేరి నేర్చుకునేవాళ్లు కొందరు, బయట గురువు దగ్గర నేర్చుకుని ప్రైవేటుగా పరీక్షకు కూర్చునేవాళ్లు కొందరు. సత్యనారాయణపురంలో నా దగ్గరికి ఈ రెండు రకాల పిల్లలూ వస్తారు.

ఇది ఆ పిల్లల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పరీక్షలో పిల్ల నిలబడేదీ తడబడేదీ పెద్ద ఐటమ్ దగ్గర కాదు, మొదటి కాలం దగ్గర, అంటే అన్నిటికన్నా నిదానపు వేగం దగ్గర. మిగతా సలహాలన్నీ దీని తర్వాతే.

మొదటి కాలం ఎందుకంత ముఖ్యం

కూచిపూడిలో ప్రతి అడుగునూ మూడు కాలాల్లో సాధన చేస్తాం. మొదటి కాలంలో నిదానంగా, రెండో కాలంలో దానికి రెట్టింపు వేగంతో, మూడో కాలంలో ఇంకో రెట్టింపు. పిల్లలకు మూడో కాలం అంటే ప్రాణం. గజ్జెలు గలగలమంటాయి, చూసేవాళ్లు చప్పట్లు కొడతారు, అమ్మ ఫోన్‌లో వీడియో తీస్తుంది. మొదటి కాలం అనగానే మొహం వేలాడేస్తారు.

కానీ మూడో కాలంలో తప్పులు దాక్కుంటాయి. మోకాలు సగమే వంగినా తెలియదు, మడమ నేలకు తగలకపోయినా తెలియదు, చెయ్యి భుజం కన్నా దిగి ఉన్నా కంటికి ఆనదు. మొదటి కాలంలో పాదం ఎత్తితే తర్వాతి దెబ్బ వచ్చేదాకా దాన్ని గాలిలో ఆపాలి. అప్పుడు నడుము ఊగుతుందా, రెండో కాలు వణుకుతుందా, కళ్లు నేల చూస్తున్నాయా అన్నీ బయటపడతాయి. పరీక్షకు వచ్చిన పెద్దలు "ఏదమ్మా, మొదటి కాలంలో వెయ్యి" అని ఎందుకంటారో ఇప్పుడు అర్థమవుతుంది కదా. ఒక్క అడుగు నిదానంగా వేయించి చూస్తే ఆ పిల్ల నాలుగేళ్లూ ఎలా గడిపిందో వాళ్లకు తెలిసిపోతుంది.

సాధన ఇలా చేయించండి. అడుగు వేయకముందు జతి, అంటే ఆ అడుగుకు పలికే అక్షరాల వరస, నోటికి రావాలి. "తధిగిణతోం" తీసుకోండి. ఐదు అక్షరాలు, ఒక్కో దెబ్బకు ఒక్క అక్షరం. ముందు కూర్చుని నోటితో చెబుతూ చేత్తో తాళం వేయాలి. అది తప్పకుండా వచ్చాక లేచి నిలబడి పాదాలతో మాత్రమే వేయాలి, చేతులు నడుము మీదే ఉంటాయి. పాదం కుదిరాక చేతులు కలపాలి. చేతులు కుదిరాక చూపు. చూపు కుదిరాకే రెండో కాలం. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ ఉంటే నిమిషానికి 50 దెబ్బలు పెట్టుకోండి. ఆ వేగం పిల్లలకు భరించలేనంత నిదానంగా అనిపిస్తుంది. ఫర్వాలేదు, అక్కడే ఉంచండి. నేర్చుకున్న కొత్తలో యాప్ కన్నా గురువుగారి కర్ర దెబ్బే మేలు, ఎందుకంటే పిల్ల తడబడితే కర్ర ఆగుతుంది, యాప్ ఆగదు. ఇంట్లో సాధనకు మాత్రం యాప్ పనికొస్తుంది.

అరమండి, మోకాళ్లు

మడమలు దగ్గరగా, పాదాలు పక్కలకు తిప్పి, మోకాళ్లు వంచి సగం కూర్చునే భంగిమే అరమండి. కూచిపూడి సాధనంతా దాని మీదే నిలబడుతుంది. ఇక్కడ ఒక విషయం పెద్దవాళ్లు తప్పకుండా గమనించాలి. మోకాలు పాదం వేళ్ల వైపే వంగాలి. పాదాలను బలవంతంగా పక్కకు తిప్పి, మోకాళ్లను లోపలికి పడనిస్తే కొన్నాళ్లకు నొప్పి మొదలవుతుంది. పాదం తిరగాల్సింది చీలమండ దగ్గర కాదు, తుంటి దగ్గర. తుంటి ఎంతవరకు తిరిగితే పాదం అంతవరకే. పక్కింటి అమ్మాయి పాదాలు ఇంకా ఎక్కువ తిరుగుతున్నాయని మీ అమ్మాయిని తిప్పమని ఒత్తిడి పెట్టకండి.

ఇంట్లో చూసుకోవడానికి గోడ చాలు. వీపు గోడకు ఆనించి నిలబడాలి. అలాగే మెల్లగా అరమండిలోకి దిగాలి. వీపు గోడను వదిలి ముందుకొచ్చినా, పిరుదులు వెనక్కి నెట్టినా అక్కడే ఆగి పైకి లేవాలి. వీపు కదలకుండా ఎంత లోతు దిగగలిగితే ఇవాళ్టికి అదే మీ అరమండి. నెలలు గడిచేకొద్దీ అదే పెరుగుతుంది.

మా కింది వాటా వాళ్ల మనవరాలు లండన్‌లో అక్కడి శాస్త్రీయ నృత్యం బాలే నేర్చుకుంటోంది. వేసవి సెలవులకు వచ్చినప్పుడు నా క్లాసులో ఓ మూల కూర్చుని చూసేది. అక్కడ పరీక్షలు పెట్టే పెద్ద సంస్థల్లో ఒకటి, ఇప్పుడు రాయల్ అకాడమీ ఆఫ్ డాన్స్ అని పిలిచేది, 1920లో మొదలైంది. తొలి అధ్యక్షురాలు ఎడలీన్ జెనే అనే డాన్సర్. చిన్నపిల్లలకు ప్రైమరీ, ఆ తర్వాత ఒకటి నుంచి ఎనిమిది దాకా గ్రేడులు, వృత్తిగా తీసుకునేవాళ్లకు ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని వేరే వరస. ఆ అమ్మాయి మా వరండా కటకటాలు పట్టుకుని వాళ్ల క్లాసులో మొదటి కసరత్తు చేసి చూపించింది. దాన్ని ప్లియే అంటారు. మోకాళ్లు పక్కలకు తెరిచి, వీపు నిటారుగా ఉంచి, మెల్లగా వంగి మెల్లగా లేవడం. మా పిల్లలు నోరు తెరుచుకుని చూశారు, అది తమకు తెలిసిన పనే కాబట్టి. తిరగడం తుంటి నుంచే, మోకాలు వేళ్ల మీదే అని అక్కడి టీచర్లూ చెబుతారట. వేళ్ల కొనల మీద నిలబడే పాయింట్ షూస్ కోసం అక్కడి పిల్లలూ తొందరపడతారు. కానీ ఎనిమిది గ్రేడుల్లో ఎక్కడా పాయింట్ ఉండదు, వృత్తి వరసలోనే వస్తుంది. ఎముక, కండ సిద్ధం కాకుండా దాన్ని ఎక్కించరు.

మన దగ్గర ఆ తొందరంతా ఇత్తడి పళ్లెం మీదే. చేరిన మరుసటి సంవత్సరమే "తరంగం ఎప్పుడు నేర్పిస్తారు?" అని అడుగుతారు. తరంగం ఐటమ్‌లో పళ్లెం అంచుల మీద నిలబడి లయకు జరుగుతూ వెళ్లాలంటే పాదం కింది కండ, పిక్క, నడుము అన్నీ ఒకేసారి పనిచేయాలి. అరమండి గట్టిగా లేని పిల్లను పళ్లెం ఎక్కిస్తే మడమ బెణుకుతుంది. నా దగ్గర నాలుగో ఏడు రాకుండా పళ్లెం తీయను. ఈ విషయంలో ఎవరు బతిమాలినా నేను మెత్తబడను.

నేల గురించి కూడా ఒక మాట. ఇప్పుడు ఇళ్లన్నీ గ్రానైట్, టైల్స్. దాని మీద రోజూ గట్టిగా పాదం కొడితే పిక్క ఎముక నొప్పి పుడుతుంది. గుడ్డ పరిస్తే జారుతుంది, యోగా మ్యాట్ వేస్తే పాదం అతుక్కుని మోకాలు మెలిపడుతుంది. దొరికితే చెక్క నేల, లేదంటే పాతకాలపు గచ్చు. అదీ లేకపోతే ఇంట్లో సాధనకు పాదం చప్పుడు తగ్గించి, మొదటి కాలంలోనే వేయండి. కింద ఉండేవాళ్లకూ ఇబ్బంది ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో మన ఊరి ఎండ సంగతి తెలిసిందే. ఆ రెండు నెలలూ సాధన పొద్దున్న ఆరులోపు మొదలుపెట్టి ఏడున్నరకు ముగించేయాలి. సాయంత్రం మేడ మీద అయితే గచ్చు చల్లారాకే.

నాలుగేళ్లను నేను ఎలా పంచుకుంటాను

సిలబస్ కాగితం కాలేజీ ఆఫీసులో దొరుకుతుంది. ఆ సంవత్సరం కాగితమే తెచ్చుకోండి, అక్కలు వాడిన పాత జిరాక్స్ మీద ఆధారపడకండి. నేను చెప్పేది ఆ కాగితాన్ని పిల్ల ఒంటికి ఎలా పట్టించాలన్నది.

మొదటి ఏడాది దాదాపు అంతా అడుగులే. దాంతోపాటు ధ్యాన శ్లోకం, శిరోభేదాలు (తల కదలికలు), దృష్టి భేదాలు (చూపులు), గ్రీవా భేదాలు (మెడ కదలికలు), అసంయుత హస్తాలు (ఒంటి చేతి ముద్రలు). చివర్లో ఒక చిన్న కౌత్వం (జతులతో కలిసిన దేవుడి స్తుతి). రెండో ఏడాది సంయుత హస్తాలు (రెండు చేతుల ముద్రలు), జతిస్వరం (మాటలు లేకుండా స్వరాలకు ఆడే ఐటమ్), ఒక శబ్దం (జతులూ సాహిత్యమూ కలిసిన ఐటమ్). మూడో ఏడాది అభినయం (భావం చూపించడం) వైపు తిప్పుతాను, అన్నమయ్య కీర్తన ఒకటి, దశావతార శబ్దం లాంటిది ఒకటి. నాలుగో ఏడాది భామాకలాపంలో ప్రవేశ దరువు (సత్యభామ రంగం మీదికి వచ్చేటప్పటి పాట), తరంగం. ఇంతే. ఏడాదికి నాలుగైదు ఐటమ్‌లు నేర్పించమని అడిగే తల్లిదండ్రులకు నేను చెప్పేది, స్కూల్ యానివర్సరీకి ఐటమ్‌లు కావాలంటే విడిగా నేర్పుతాను, పరీక్ష లెక్కలో కలపను అని.

భామాకలాపం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలనుంది. సిద్ధేంద్ర యోగి పేరుతో మనకు దక్కిన ఈ నృత్య నాటకంలో సత్యభామ ఆడుతుంది, పాడుతుంది, మాట్లాడుతుంది. ఆ మాట్లాడటమే వాచికం. నాలుగేళ్లు ఒళ్లు కష్టపెట్టి సాధన చేసిన పిల్లలు కూడా వాచికం దగ్గరికి వచ్చేసరికి గొంతు మింగేస్తారు. ఇంగ్లీషు మీడియం పిల్లలకు "భామనే, సత్యభామనే" అని దరువు ఎత్తుకోవడం ఒక ఎత్తు, చెలికత్తె మాధవితో సంభాషణ ఇంకో ఎత్తు. ఆ మాటలు అద్దం ముందు కాదు, ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టి చెప్పించాలి. అమ్మమ్మ ఉంటే మరీ మంచిది. "ఏంటే, వినబడటం లేదు" అని అమ్మమ్మ అంటే గొంతు దానంతటదే పెరుగుతుంది. ళ, ణ, ఒత్తులు పలకని పిల్లకు సత్యభామ గర్వం రాదు. భామ నడక, జడ పట్టుకునే తీరు, ఓరచూపు ఎంత నేర్పినా మాట చప్పగా ఉంటే పాత్ర నిలబడదు. అందుకే నేను మూడో ఏడాదిలోనే వారానికి ఒకరోజు తెలుగు గట్టిగా చదివిస్తాను. పద్యమైనా సరే, పేపరైనా సరే.

అబ్బాయిల సంగతి కూడా ఇక్కడే చెబుతాను. కూచిపూడి అగ్రహారంలో ఈ కళను తరతరాలు మోసింది మగవాళ్లు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేషం కడితే జనం విరగబడి చూసేవారు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు ఆడపిల్లలకు నేర్పడానికి దారి వేశారు. వెంపటి చినసత్యం గారు మద్రాసులో 1963లో అకాడమీ పెట్టి ఎందరినో తయారుచేశారు. ఈ చరిత్ర ఉన్న కృష్ణా జిల్లాలో ఒక అబ్బాయి డాన్సుకు వస్తే బంధువులు వేళాకోళం చేయడం చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. మీ అబ్బాయి అడిగితే దయచేసి పంపండి.

థియరీని ఒంటితో చదవాలి

పిల్లలు థియరీని సోషల్ పాఠంలా బట్టీ పడతారు. తొమ్మిది శిరోభేదాలు, ఎనిమిది దృష్టులు, నాలుగు గ్రీవాలు, ఇరవై ఎనిమిది అసంయుత హస్తాలు అని అంకెలు అప్పజెబుతారు. ప్రాక్టికల్‌లో "పరివాహితం చూపించు" అనగానే తల ఎటు తిప్పాలో తెలియక నిలబడిపోతారు. నందికేశ్వరుడి నాట్య గ్రంథం అభినయ దర్పణంలోని శ్లోకాలన్నీ చేసి చూపించడానికి పుట్టినవే. కూర్చుని చదివితే అవి సగమే వస్తాయి.

పతాక హస్తం ఒక్కటి చూద్దాం. నాలుగు వేళ్లూ అతికి నిటారుగా ఉండాలి, బొటనవేలు వంగి చూపుడువేలి పక్కన ఆనాలి. చూడటానికి తేలికే. పది మంది పిల్లల్ని నిలబెట్టి చూడండి, చిటికెన వేలు విడిపోయి పక్కకు పోయి ఉంటుంది, బొటనవేలు గాలిలో ఉంటుంది, మణికట్టు వేలాడుతుంటుంది. ఇప్పుడు వినియోగం, అంటే ఆ హస్తాన్ని వేటికి వాడతామన్నది: "నాట్యారంభే వారివాహే వనే వస్తునిషేధనే". నాట్యం మొదలుపెట్టడం, మేఘం, అడవి, ఒక వస్తువును వద్దనడం. ప్రతి మాటకూ చెయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చేస్తూ చెప్పాలి. మేఘానికి చెయ్యి పైన అడ్డంగా కదులుతుంది, చూపు దాన్ని అనుసరిస్తుంది. వద్దనడానికి అరచెయ్యి ఎదుటివాడి వైపు తిరుగుతుంది, తల కూడా చిన్నగా అడ్డంగా ఊగుతుంది. ఇలా నేర్చుకున్న పిల్ల రాత పరీక్షలో కూడా పెన్ను పట్టుకోని చేత్తో హస్తం పెట్టి చూసుకుంటూ రాస్తుంది. నాకు అలా రాసే పిల్లలంటే ఎంతో ఇష్టం.

తాళాలకు కూడా ఇదే పద్ధతి. ఏడు తాళాలు, ఐదు జాతులు, మొత్తం ముప్ఫై అయిదు అని లెక్క చెప్పడం కాదు. ఆది తాళం అంటే చతురశ్ర జాతి త్రిపుట. ఒక లఘువు, రెండు ద్రుతాలు, మొత్తం ఎనిమిది. లఘువుకు ఒక దెబ్బ, ఆపైన చిటికెన వేలితో మొదలుపెట్టి మూడు వేళ్ల లెక్క. ద్రుతానికి ఒక దెబ్బ, ఒక విసురు. ఇది చేత్తో వేస్తూ నోటితో "తకధిమి" చెప్పాలి. తర్వాత చెయ్యి ఆది తాళంలోనే ఉండగా నోటితో "తకిట" చెప్పాలి. అక్కడ అందరూ తడబడతారు. మూడక్షరాల నడక ఎనిమిది లెక్కల తాళంతో ఎక్కడ కలుస్తుందో చేతికి తెలియాలి. సిటీ బస్సులో కూర్చుని తొడ మీద వేసుకున్నా చాలు, నా పిల్లలు బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా వేస్తుంటారు.

చరిత్ర ప్రశ్నల కోసం ఒకసారి కూచిపూడి వెళ్లి రండి. పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో ఎక్కితే ఉయ్యూరు, పామర్రు మీదుగా వెళ్తారు. పామర్రు నుంచి చల్లపల్లి రోడ్డులో ఉంది ఊరు. సిద్ధేంద్ర యోగి పేరు మీద ఉన్న కళాపీఠం, రామలింగేశ్వరస్వామి గుడి చూడండి. దగ్గర్లోనే మొవ్వ, క్షేత్రయ్య పదాల్లోని మువ్వగోపాలుడి ఊరు. తరంగాలు రాసిన నారాయణ తీర్థులు మంగళగిరి దగ్గరి కాజలో పుట్టారని చెబుతారు, అది గుంటూరు వెళ్లే దారిలోనే ఉంది. గోల్కొండ తానీషా కూచిపూడిని కళాకారులకు అగ్రహారంగా ఇచ్చాడన్న కథ ప్రతి థియరీ నోట్సులోనూ ఉంటుంది. ఆ వీధిలో నడిచొచ్చిన పిల్లకు దాన్ని బట్టీ పట్టే పని ఉండదు.

అప్లికేషన్

దీని గురించి క్లుప్తంగానే చెబుతాను కానీ నిర్లక్ష్యం చేయకండి. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ మూడూ బడి రికార్డులో, ఆధార్‌లో ఎలా ఉన్నాయో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయాలి. ఒకమ్మాయి సర్టిఫికెట్ మీద ఇంటిపేరు ఒక అక్షరం తేడాగా వచ్చింది. ఆ ఒక్క అక్షరం మార్పించుకోవడానికి ఆ ఇంటివాళ్లు ఆఫీసుల చుట్టూ నెలలు తిరిగారు. అప్లికేషన్ ఇచ్చే ముందు జిరాక్స్ తీసి పెట్టుకోండి, ఫీజు రసీదు దానికే పిన్ను కొట్టండి. పదో తరగతి సంవత్సరంలో పెద్ద మెట్టు పరీక్ష పెట్టుకోవద్దు. తొమ్మిదిలోనే ముగించండి, లేదా ఇంటర్ దాటాక పెట్టుకోండి. ఆ ఏడాది సాధన మాత్రం వారానికి రెండు రోజులైనా ఉంచండి, పూర్తిగా మానేస్తే అరమండి మళ్లీ మొదటికొస్తుంది. వయసు విషయంలో నా సలహా, పదేళ్లు దాటాకే సర్టిఫికెట్ మాట ఎత్తండి. అంతకు ముందు పిల్లలు ఆడుతూ నేర్చుకోవాలి.

పెద్దవాళ్లు కూడా రాయొచ్చు. బ్యాంకులో పనిచేసే ఒకావిడ ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో నా దగ్గర చేరారు. పొద్దున్నే వంట ముగించుకుని బ్యాచ్‌కు వచ్చేవారు. చిన్నపిల్లల పక్కన నిలబడి మొదటి కాలం వేయడానికి ఏనాడూ నామోషీ పడలేదు. అరమండి లోతు తక్కువే, కానీ తాళం, అభినయం పిల్లలకన్నా చక్కగా ఉండేవి. పెద్దవాళ్లు గజ్జె కట్టేముందు మోకాళ్లు, బీపీ ఒకసారి డాక్టరుకు చూపించుకుంటే చాలు.

పరీక్ష రోజు

బట్టలు సాదాగా ఉండాలి. కాటన్ ప్రాక్టీసు చీర, లోపల పైజామా, జడ బిగించి అల్లుకోవడం, బొట్టు, కాటుక. మంగళగిరి కాటన్ అయితే చెమట పీలుస్తుంది, కుచ్చిళ్లు నిలబడతాయి. కొత్త చీర ఆ రోజే మొదటిసారి కట్టకండి. కనీసం వారం రోజులు అదే చీరతో సాధన చేసి ఉండాలి, లేకపోతే కొంగు ఎక్కడ బిగించాలో, కుచ్చిళ్లు ఎంత ఎత్తు ఉండాలో ఆ గదిలో తేల్చుకోవాల్సి వస్తుంది. వస్త్రలత బట్టల మార్కెట్‌లో మీటరు లెక్కన గుడ్డ తీసుకుని కుట్టించుకుంటే ఖర్చు తక్కువ.

గజ్జెల తాళ్లు ముందురోజు రాత్రే చూసుకోవాలి. తోలు పట్టీ అయితే బక్కిల్ వదులైందేమో చూడండి. చీలమండకు మెత్తని నూలుగుడ్డ చుట్టి, దాని మీద కట్టాలి. వేలు దూరేంత సందు ఉంటే జారుతాయి, మరీ బిగిస్తే పాదం తిమ్మిరెక్కుతుంది. కట్టాక పది సార్లు పాదం కొట్టి చూడండి.

పొద్దున రెండు ఇడ్లీ, వరస రావడానికి గంట ముందు ఒక అరటిపండు. నీళ్లు కొంచెం కొంచెంగా. చిన్న తడిగుడ్డ ఒకటి సంచిలో పెట్టండి. పరీక్ష గది నేల మీద దుమ్ముంటే పాదం జారుతుంది, లోపలికి వెళ్లేముందు పాదాలు తుడుచుకోవాలి.

లోపల అందరికీ టెన్షన్ ఉంటుంది, దాన్ని పోగొట్టాలని చూడకండి. టెన్షన్‌లో పిల్లలు చేసే పని ఒకటే, తొందరపడటం. తాళం మొదలుకాకముందే పాదం లేస్తుంది. అందుకే నా పిల్లలకు ఒక అలవాటు చేయిస్తాను. నమస్కారం అయ్యాక అరమండిలో కూర్చుని, మనసులో ఒక ఆవర్తనం (ఎనిమిది లెక్కల ఒక చుట్టు) పూర్తిగా ఆది తాళం లెక్కపెట్టుకుని, అప్పుడే నోరు విప్పాలి. ఎదురుగా కూర్చున్నవాళ్లకు ఆ నిశ్శబ్దం ఆలస్యంలా కనిపించదు, స్థిమితంలా కనిపిస్తుంది. ఏడో తరగతి అమ్మాయి ఒకతె జతి మధ్యలో అక్షరం తప్పింది. చెయ్యి మాత్రం తాళం ఆపలేదు. రెండు దెబ్బలు మౌనంగా వేసి, మూడో దెబ్బకు జతిలో కలుసుకుంది. ఎగ్జామినర్ గారు తల ఊపి "కానివ్వమ్మా" అన్నారు. తాళం చేతిలో ఉంటే అక్షరం తప్పినా దారి దొరుకుతుంది. తాళం పోతే ఐటమ్ అంతా కంఠస్థం ఉన్నా లాభం లేదు.

ఐటమ్ ఏ రాగం, ఏ తాళం, ఎవరి రచన అని తప్పకుండా అడుగుతారు. సాహిత్యానికి అర్థం కూడా అడుగుతారు. శబ్దంలో ఒక పాదం చదివి "దీనికి ఏ హస్తం పట్టావు, ఎందుకు పట్టావు?" అంటే "మా మేడమ్ అలా నేర్పారు" అన్న జవాబు సరిపోదు. ప్రతి పాదానికీ అర్థం పిల్ల తన మాటల్లో చెప్పగలగాలి. మూడు నెలల ముందు నుంచే ఇంట్లో భోజనాల దగ్గర కథలా చెప్పించండి. తెలియని ప్రశ్న వస్తే "తెలియదండి" అని చెప్పి నిలబడమనండి, ఊహించి చెప్పొద్దు.

బయటికొచ్చాక "ఎంత వస్తాయి?" అని అడగకండి. ఏం అడిగారో ఆ రోజే నోట్సులో రాయించండి, మరుసటి ఏడాది చెల్లెళ్లకు పనికొస్తుంది.

సర్టిఫికెట్ తర్వాత

ఫలితం వచ్చాక చాలామంది గజ్జెలు అటక మీద పెట్టేస్తారు. డిప్లొమాకు వెళ్లాలనుకునేవాళ్లు ఫలితం కోసం ఎదురుచూడకుండా ఆ సెలవుల్లోనే నట్టువాంగం మొదలుపెట్టాలి. అంటే ఆడేవాళ్ల పక్కన కూర్చుని తాళాలు వాయిస్తూ జతులు చెప్పడం. ఆడిన పిల్లకు వాయించడం రావాలని లేదు, విడిగా నేర్చుకోవాలి. మొదట మీ చిన్నక్లాసు పిల్లలు అడుగులు వేస్తుంటే పక్కన కూర్చుని తాళం పట్టండి, గొంతు పెద్దగా తెరిచి చెప్పండి, కళ్లు మాత్రం వాళ్ల పాదాల మీదే ఉంచండి. తాళాల జత కొనేటప్పుడు ఒకటి కంచుది, ఒకటి ఇనుముది ఉండాలి. కొట్టులోనే రెండూ తగిలించి చూడండి. మోత గిన్నె చప్పుడులా పగిలినట్టు కాకుండా సన్నగా, నిడివిగా సాగితే తీసుకోండి, తాడు మాత్రం మీరే కొత్తది మార్చుకోండి.